పుదుచ్చేరిలో పంచె, తరంగంబాడిలో చేపల కూర

పుదుచ్చేరి వైట్ టౌన్‌లో హెరిటేజ్ హోటల్ అన్న పేరు చూసి గది తీసుకోబోయేవాళ్లు కాస్త ఆగండి. రోజుకు 7,800 రూపాయలు, పన్ను వేరే. ఎత్తైన పైకప్పు, నున్నటి గచ్చు, కమానుల వరండా ఫొటోల్లో ఎంత బాగున్నాయో ఎదుటా అంతే బాగున్నాయి, అబద్ధమాడను. ఏసీ మాత్రం గాలి కన్నా చప్పుడే ఎక్కువ చేసింది. అదేమని అడిగితే పాత భవనం కదా అన్నారు. ఆ పాతదనానికే బిల్లులో ‘వారసత్వ నిర్వహణ’ కింద మరో 450 కలిపారు.

ఇదంతా సర్దుకునేవాళ్లమే. రాత్రి భోజనానికి దిగితే, పంచెతో డైనింగ్ హాల్లోకి రాకూడదంటూ మామగారిని గుమ్మంలోనే ఆపేశారు. ఉతికి ఇస్త్రీ చేసిన జరీ అంచు పంచె! మావారు మేనేజరును పిలిపిస్తే, ‘ఇక్కడి వాతావరణం కాపాడాలి సార్’ అన్నాడు. ఏ వాతావరణమో మెనూ అట్ట మీదే ఉంది: ‘వలస కాలపు రాజసం’, బంగారు అక్షరాల్లో. మామగారు పల్లెత్తు మాట అనకుండా గదికి వెళ్లిపోయారు. మావారు కాలువ అవతలి మెస్ నుంచి ఇడ్లీలు కట్టించుకొచ్చారు, 120 రూపాయలు. తర్వాత నేను ఫిర్యాదు రాస్తే, మళ్లీ వస్తే పది శాతం తగ్గిస్తామని జవాబు పంపారు. పంచె ఊసే లేదు.

ఆ కాలువే ఒకప్పటి సరిహద్దు. సముద్రం వైపు తెల్లవాళ్ల పట్నం, పడమర నల్లవాళ్ల పట్నం. ఫ్రెంచివాళ్లు పిలిచిన పేర్లే అవి. ఫ్రెంచి గవర్నరు డూప్లేకి దుబాసీగా ఊరి వర్తకంలో చక్రం తిప్పిన ఆనందరంగ పిళ్లై ఇల్లు కూడా పడమటి వైపే ఉంది. తెలుగు ఛందోగ్రంథాన్ని అంకితం తీసుకున్న మనిషి. 1736 నుంచి 1761 దాకా ఆయన రాసిన దినచర్య లేకపోతే ఆనాటి ఫ్రెంచి దొరల గురించి మనకు దొరల మాటే మిగిలేది. అన్నట్టు, మా హోటల్ డూప్లే నాటిదని అక్కడి కుర్రాడు గర్వంగా చెప్పాడు. 1761లో ఇంగ్లీషు సైన్యం తెల్లపట్నాన్ని నేలమట్టం చేసింది. ఈ వీధుల్లో కనిపించేవి చాలావరకు ఆ తర్వాత కట్టినవే.

మర్నాడే కాలువ దాటి వైశ్యాళ్ వీధి దగ్గర ముందు తిన్నె, లోపల మండువా ఉన్న ఇంట్లో గది తీసుకున్నాం. 2,400, కాఫీతో కలిపి. ఉండదలిస్తే అటువైపే ఉండండి. బీచ్, ఆశ్రమం, ఆరోవిల్ చూశాం, బాగున్నాయి.

దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న తరంగంబాడికి టాక్సీ రానుపోను 4,500. చిదంబరం దాకా మామగారు నోరు విప్పలేదు. డాన్స్‌బోర్గ్ కోటలోని మ్యూజియంలో మాత్రం ప్రతి పలకా చదివారు. 1620లో డెన్మార్క్ వాళ్లు తంజావూరు రఘునాథ నాయకుడితో ఒప్పందం చేసుకుని, ఏటా కౌలు చెల్లించే షరతు మీద ఇక్కడ కోట కట్టుకున్నారు. రఘునాథుడు తెలుగు కవి అని మామగారు మా డ్రైవరుకు కూడా చెప్పారు. సొంత రాజు పంపిన మతప్రచారకుడు జీగెన్‌బాల్గ్‌నే 1708లో ఇక్కడి డేనిష్ అధికారి నాలుగు నెలలు ఖైదులో పెట్టాడు. ఇక ఊరివాళ్ల మాటకు ఎంత విలువుండేదో ఊహించుకోవచ్చు. 1845లో ఈ ఊరిని, బెంగాల్లోని శ్రీరాంపూర్‌తో కలిపి, పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లీషువాళ్లకు అమ్మేశారు.

‘కౌలుకొచ్చినవాడు పొలం అమ్మాడా!’ అని మామగారు పెద్దగా నవ్వారు. రెండు రోజుల తర్వాత అదే మొదటి నవ్వు.

కోట ఆవరణలో నీడ తక్కువ, ఎండెక్కకముందే వెళ్లండి. కెరటాలు కొంత మేర మింగేసిన మాసిలామణి నాథుడి గుడి దగ్గరే ఉంది. 1306 నాటిది, అంటే డేన్‌ల కన్నా మూడు వందల ఏళ్లు ముందు. మధ్యాహ్నం ఒక చిన్న మెస్‌లో వంజరం పులుసు, అరిటాకు భోజనం, మనిషికి 220. మామగారు రెండోసారి పులుసు అడిగితే వేసిపెట్టారు, డబ్బు తీసుకోలేదు.