అద్దాల పెట్టెలో వెళ్లి, మామూలు పెట్టెలో వచ్చాం

రైళ్ల చరిత్ర చూపిద్దామని మా అమ్మాయిని వెంటబెట్టుకుని బయలుదేరాను. మొదటి మజిలీ రాజమహేంద్రవరం. 1897లో పని మొదలై, 1900లో రైళ్లకు దారిచ్చిన హేవలాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. పక్కనున్న ఆర్చి వంతెన మీద రైలు పోతుంటే పాత రాతి స్తంభాలు ఊరికే నిలబడి చూస్తున్నట్టుంటాయి. ఘాట్ మీద సాయంత్రం ఒక గంట చాలు.

అసలు ప్రయాణం విశాఖపట్నం నుంచి అరకుకు. 1960లలో జపాన్ సహకారంతో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గమిది. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి కొండల్ని తొలిచారు. మొత్తం 58 సొరంగాలు. ఎక్కేటప్పుడు విస్టాడోమ్ టికెట్లు తీసుకున్నాం. పైకప్పు అద్దం, సీట్లు ఎటు కావాలంటే అటు తిరుగుతాయి. లోయలు చూడటానికి దానికి సాటి లేదు. బొర్రా గుహలు దాటాక శిమిలిగూడ వస్తుంది. సముద్రమట్టానికి 996 మీటర్ల పైన ఉన్న ఈ స్టేషన్, దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఒకప్పుడు అన్నిటికన్నా ఎత్తైనది. మా పెట్టెలో అందరూ ఫొటోల హడావుడిలో ఉన్నారు. సొరంగాలు లెక్కపెడుతున్న అమ్మాయి మూడుసార్లు లెక్క తప్పింది.

అరకులో బసకు మార్కులు తక్కువే. వేడినీళ్లు ఉదయం ఏడింటికల్లా అయిపోయాయి, దుప్పట్లు చెమ్మగిల్లి ఉన్నాయి. కిటికీలోంచి కనిపించే రైలు పట్టాల కోసం సర్దుకున్నాను.

తిరుగు ప్రయాణానికి విస్టాడోమ్ దొరకలేదు. అదే మంచిదైంది. జనరల్ పెట్టెలో ఎదురు సీట్లో ఒక పెద్దాయన, ఈ ఘాట్‌లోనే గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరైనవారు. "వానాకాలం రాత్రుళ్లు లాంతరు పట్టుకుని పట్టాల వెంట నడిచేవాళ్లం బాబూ. రాయి జారిపడిందా, ఇక పరుగే" అన్నారు. అడ్డం పడిన చోటికి 1200 మీటర్ల ముందుగానే పట్టాల మీద మూడు డిటోనేటర్లు బిగించాలట. ఇంజను చక్రం ఎక్కగానే అవి ఢామ్మని పేలుతాయి, డ్రైవరు బండి ఆపేస్తాడు. బిగించే తీరు చూపించడానికి మా అమ్మాయి పెన్సిల్‌ను పట్టాగా చేసి, దాని మీద బొటనవేలితో నొక్కారు. ఆ వేలికి గోరు సగమే ఉంది.

"అదెలా పోయింది తాతా?" అంది అమ్మాయి. ఆయన నోరు తెరిచేలోగా సొరంగం వచ్చింది. పెట్టెలోని పిల్లలందరూ ఒకటే కేకలు. వెలుతురు రాగానే "చలికాలంలో పట్టా కుంచించుకుంటుంది కదమ్మా..." అని మొదలుపెట్టారు, మళ్లీ సొరంగం. ప్రతిసారీ ఎక్కడ ఆపారో సరిగ్గా అక్కడే అందుకునేవారు. ఆయనకు ఆ దారి అంత అలవాటు మరి.

ఫోనులో రికార్డు చేయనా అని అడిగితే సరే అన్నారు. దృశ్యాల కోసమైతే విస్టాడోమ్‌కే నా ఓటు. కథ కావాలంటే మాత్రం జనరల్ పెట్టెలో కిటికీ పక్కన కూర్చోండి, ఎదుటివాళ్లను పలకరించండి.

ఇంటికొచ్చి విన్నాను. నలభై నిమిషాల్లో పావు వంతు సొరంగాల హోరే. అయినా కత్తిరించలేదు. దిగేముందు ఆయన తన మనవడి నంబరు నా చేత రాయించారు. "వాడికి పంపండి బాబూ, నేను చెబితే వినడు" అన్నారు. పంపాను.