క్లస్టర్ ఆటోస్కేలర్: దానికున్న ఓపిక పావుగంటే

క్లస్టర్ అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపు. పని పెరిగితే దానికి సర్వర్లు కలిపి, తగ్గితే తీసేసే సాఫ్ట్‌వేర్ క్లస్టర్ ఆటోస్కేలర్. దాని మీద నా కోపమంతా ఒక్క సెట్టింగ్ గురించే. ఆ సెట్టింగ్ పేరు మ్యాక్స్ నోడ్ ప్రొవిజన్ టైమ్ (నోడ్ అంటే క్లస్టర్‌లోని ఒక సర్వర్). కొత్త సర్వర్ అడిగాక అది వచ్చి క్లస్టర్‌లో చేరేదాకా ఎంతసేపు ఆగాలో చెప్పే గడువు అది. ఎవరూ ముట్టుకోకపోతే 15 నిమిషాలు ఉంటుంది. క్లౌడ్‌లో వర్చువల్ మెషీన్లకు అంత టైమ్ ఎక్కువే. మేం వాడేవి మా డేటా సెంటర్‌లోని సొంత సర్వర్లు. వాటికి పావుగంట ఏ మూలకు?

ముందు మంచి మాట చెప్పాలి. క్లస్టర్‌లో ప్రోగ్రాములను సర్వర్ల మీద సర్ది నడిపేది కుబర్నెటీస్, అది నడిపే ఒక్కో యూనిట్ పాడ్. చోటు చాలక ఏదైనా పాడ్ పెండింగ్‌లో పడితే ఆటోస్కేలర్ ఇట్టే పసిగడుతుంది. మామూలుగా ప్రతి 10 సెకన్లకూ ఒకసారి చూస్తూనే ఉంటుంది. ఒకే రకం సర్వర్లను ఒక్కో గ్రూపుగా పెడతాం. ఏ గ్రూపులో సర్వర్ పెంచితే ఆ పాడ్ పడుతుందో లెక్కేసి, సర్వర్ల సంఖ్య చూసుకునే క్లస్టర్ ఏపీఐలో ఒక అంకె పెంచి ఊరుకుంటుంది. బీఎంసీ (సర్వర్‌ని దూరం నుంచి ఆన్, ఆఫ్ చేయనిచ్చే చిప్) ద్వారా సర్వర్‌ని ఆన్ చేయడం, డిస్క్ మీద ఓఎస్ ఇమేజ్ రాయడం, రీబూట్ చేయడం ఐరానిక్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ పని. ఇదివరకు ఒకరు టికెట్ పెట్టాలి, ఇంకొకరు అప్రూవ్ చేయాలి, మరొకరు కన్సోల్ ముందు కూర్చోవాలి. ఆ తతంగమంతా పోయింది. ఇంతకాలం దీన్ని వదలకపోవడానికి కారణం అదే.

ఆ తర్వాత మెమరీ బాగా ఎక్కువున్న కొత్త సర్వర్లు వచ్చాయి. అలాంటివి ఆన్ చేస్తే ముందు మెమరీ అంతా సరిచూసుకుని గానీ బూట్ మొదలుపెట్టవు. పైగా ప్రొవిజనింగ్‌లో బూట్ ఒక్కసారితో అయిపోదు: డిస్క్ రాసే చిన్న లైనక్స్‌లోకి ఒకసారి, అసలు ఓఎస్‌లోకి ఇంకోసారి. ఒకరోజు రాత్రి పెద్ద బ్యాచ్ మొదలైంది, పాడ్లు పెండింగ్‌లో పడ్డాయి, ఆటోస్కేలర్ ఈ కొత్త గ్రూపులోంచి సర్వర్ అడిగింది. నేను కన్సోల్ తెరిచి చూస్తున్నాను. మెమరీ లైను చాలాసేపు కదల్లేదు. తర్వాత ఇమేజ్ రాయడం అయింది, రీబూట్ అయింది, మళ్లీ అదే మెమరీ లైను. ఎట్టకేలకు కెర్నెల్ మెసేజీలు, ఆ వెంటనే లాగిన్ ప్రాంప్ట్. ఇక కుబ్‌లెట్ (సర్వర్‌ని క్లస్టర్‌లో చేర్చే ప్రోగ్రామ్) లేచి చేరడమే తరువాయి అనుకునేసరికి తెర నల్లబడింది. పవర్ ఆఫ్.

పవర్ సప్లై పోయిందనుకున్నాం. కాసేపటికి సర్వర్ మళ్లీ ఆన్ అయింది, మొదటినుంచి అదే వరస, మళ్లీ అక్కడికే వచ్చి ఆఫ్. బీఎంసీ ఫర్మ్‌వేర్ మీద అనుమానపడ్డాం, నెట్‌వర్క్ బూట్ మీద పడ్డాం. చివరికి ఆటోస్కేలర్ లాగ్‌లో దొరికింది: రిమూవింగ్ అన్‌రిజిస్టర్డ్ నోడ్, అంటే చేరని నోడ్‌ని తీసేస్తున్నానని. గడువులోగా చేరలేదు కాబట్టి అది పాడైపోయిన సర్వర్ కింద లెక్క. నోటికాడి కూడు లాగేసినట్టు, తానే అడిగి తెప్పించుకున్న సర్వర్‌ని తానే తుడిచేసింది. అది చాలదన్నట్టు, ఫెయిలైన గ్రూపు జోలికి కాసేపు వెళ్లదు. ఆ విరామం 5 నిమిషాలతో మొదలై, ఫెయిలైన కొద్దీ 30 దాకా పెరుగుతుంది. బ్యాచ్ మాత్రం ఎక్కడిదక్కడే.

క్లౌడ్‌లో ఈ పద్ధతికి అర్థముంది. చేరని మెషీన్‌కి బిల్లు పడుతూనే ఉంటుంది, తీసేసి ఇంకో చోట ప్రయత్నించడమే నయం. నా గొడవల్లా ఒకటే. సర్వర్ చచ్చిందా, దారిలో ఉందా అన్నది ఐరానిక్‌కి తెలుసు, దాని స్టేటస్‌లోనే కనిపిస్తుంది. ఆటోస్కేలర్ అది అడగదు. నోడ్ చేరిందా లేదా, గడియారం ఎంతయింది, ఈ రెండే చూస్తుంది.

గడువు 45 నిమిషాలకు పెంచాక ఆ బెడద పోయింది. ఇప్పుడు నిజంగా డిస్క్ పోయిన సర్వర్ తగిలితే, ఆ సంగతి తేలడానికీ 45 నిమిషాలు పడుతుంది. కొత్త వెర్షన్లలో ఈ గడువును గ్రూపు వారీగా పెట్టుకునే వీలుంది కాబట్టి పాత సర్వర్లకు తక్కువే ఉంచాం.

ఇట్టే పసిగడుతుందని పైన అన్నాను కదా, పసిగట్టడం వరకే అది. మా దగ్గర పాడ్లకు వెంటనే చోటు దొరుకుతోందంటే అది ముందే పెట్టుకున్న ఉత్తుత్తి పాడ్ల పుణ్యం. ప్రయారిటీ మైనస్ 1తో ఏ పనీ చేయకుండా చోటు పట్టుకుని కూర్చుంటాయి. అసలు పాడ్ రాగానే కుబర్నెటీస్ వాటిని గెంటేస్తుంది. అప్పుడవి పెండింగ్‌లో పడితే, వాటి కోసం ఆటోస్కేలర్ తాపీగా సర్వర్ తెస్తుంది. ప్రయారిటీ మరీ మైనస్ 10 కన్నా కిందికి దించితే వాటిని అసలు పట్టించుకోదు, అది చూసుకోవాలి. అంటే కొన్ని సర్వర్లు ఎప్పుడూ ఊరికే తిరుగుతుంటాయి. పొదుపు కోసం దీన్ని పెట్టుకునేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు.

ఇంకోటి, పాడ్ ఎంత వాడుతోందన్నది దీనికి అనవసరం, ఎంత అడిగిందో అదే లెక్క. ఒక టీమ్ 8 కోర్లు అడిగి ఒకటి వాడినా 8కే చోటు వెతుకుతుంది.

సర్వర్లు వెనక్కి ఇవ్వడంలోనూ తొందరే. ఒక సర్వర్ మీద పాడ్లు అడిగింది దాని సామర్థ్యంలో సగం కన్నా తగ్గి 10 నిమిషాలు దాటితే దాన్ని తీసేయడానికి చూస్తుంది. మా సర్వర్ ఒకటి పోయి మళ్లీ రావాలంటే ఎంత తంతో పైన చెప్పాను, అందుకే ఆ 10 నిమిషాలనూ పెంచాం.

మాకు లోడ్ ఎప్పుడు పెరుగుతుందో ముందే తెలుసు, ఖాళీ సర్వర్లూ ఉన్నాయి, కాబట్టి దీనితోనే ఉంటాం. ఎప్పుడు పెరుగుతుందో తెలియని లోడ్, లేవడానికి ఇంతసేపు తీసుకునే సర్వర్లు, ఈ రెండూ ఉన్నవాళ్లకు మాత్రం ధైర్యంగా తీసుకోమని చెప్పలేను. కొత్త మోడల్ సర్వర్ వస్తే, ఆన్ చేసిన దగ్గర్నుంచి క్లస్టర్‌లో చేరేదాకా ఎంత పడుతుందో వాచీ పెట్టి చూస్తాం. ఆ టైమ్ గడువులో ఇమిడేదాకా దాన్ని ఆటోస్కేలర్ చేతికి ఇవ్వం.