అండాశయ క్యాన్సర్ ఎక్సోసోములు: అల్ట్రాసెంట్రిఫ్యూజా, కాలమ్ పద్ధతా?

ఎక్సోసోములంటే కణాలు బయటికి వదిలే అతిచిన్న పొర సంచులు; వాటి పరిమాణం సుమారు 30–150 నానోమీటర్లు. ఏ పద్ధతిలో వేరుచేయాలో నమూనాను బట్టి తేల్చుకోవాలి.

పొట్టలో చేరిన నీరు వందల మిల్లీలీటర్లు దొరికితే అల్ట్రాసెంట్రిఫ్యూజే (అతివేగంగా తిప్పి బరువును బట్టి వేరుచేసే యంత్రం) నయం. 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర 300 జి, 2,000 జి, 10,000 జి (జి అంటే భూమ్యాకర్షణ; దానికి అన్ని రెట్లు) బలాలతో వరుసగా తిప్పి కణాలు, చెత్త తీసేయాలి. పైద్రవాన్ని 1,00,000 జి దగ్గర 70 నిమిషాలు తిప్పి, అడుగున చేరినదాన్ని బఫర్‌లో (ఆమ్లత మారకుండా ఉంచే ఉప్పు ద్రావణం) కడిగి మళ్లీ అంతసేపూ తిప్పాలి. కడగడం మానేస్తే ద్రవంలో విడిగా ఉన్న సిఎ-125 (అండాశయ క్యాన్సర్‌ను సూచించే ప్రోటీన్) అంటుకుని వస్తుంది. అది ఎక్సోసోము మీదిదేనని పొరబడతాం. ఎక్కువసేపు తిప్పితే ఎక్సోసోములు ముద్దకట్టి, మందు నింపే ప్రయోగాలకు పనికిరాకుండా పోతాయి.

ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) అర మిల్లీలీటరే ఉంటే కాలమ్ (సన్నని రంధ్రాల పూసలు నింపిన గొట్టం; పెద్ద రేణువులు ముందు, చిన్నవి తర్వాత బయటికొస్తాయి) మేలు. 10 మి.లీ. సెఫరోజ్ (ఆ పూసల రకం) కాలమ్‌లో తొలి 3 మి.లీ. దాదాపు ఖాళీ, తర్వాతి 2 మి.లీ.లో ఎక్సోసోములు, ఆ వెనక అల్బుమిన్ అనే రక్త ప్రోటీన్. ఆకారం చెదరదు కానీ నమూనా పలచబడుతుంది, అదే పరిమాణపు కొవ్వు రేణువులూ కలిసొస్తాయి. అందుకే పరగడుపు రక్తం అడగాలి. హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) ట్యూబు మాత్రం వద్దు, అది పీసీఆర్‌ను (జన్యుపదార్థాన్ని పెంచి చూసే పరీక్ష) అడ్డుకుంటుంది.