డబ్లిన్‌కు ఒక రోజు, వెస్ట్ కార్క్‌కు రెండు

ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటం చూద్దామని వెళ్లినవాళ్లు మూడు రోజులూ డబ్లిన్‌లోనే గడిపేస్తుంటారు. అక్కడ ఉన్నవి ఎక్కువగా గుర్తులు. గెరిల్లా యుద్ధం ఎలా నడిచిందో తెలియాలంటే కార్క్ జిల్లా పల్లె రోడ్లు ఎక్కాలి.

డబ్లిన్‌లో వదలకూడనిది కిల్‌మైన్‌హమ్ జైలు. గైడ్ లేకుండా లోపలికి పంపరు. టికెట్లు 28 రోజుల ముందు ఆన్‌లైన్‌లో పెడతారు, వేసవిలో చూస్తుండగానే అయిపోతాయి. దొరకలేదా, రద్దయిన టికెట్ల కోసం ఆ రోజు పొద్దున్నే సైట్ చూడండి. 1916 ఏప్రిల్‌లో బ్రిటిష్ పాలన మీద డబ్లిన్‌లో లేచిన తిరుగుబాటును అణిచేశాక, మే నెలలో 14 మందిని కాల్చి చంపిన ఆవరణలో రెండు శిలువలుంటాయి. గేటు దగ్గరది తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన జేమ్స్ కనోలీది. గాయాలతో నిలబడలేని మనిషిని కుర్చీకి కట్టి కాల్చారు. అక్కడి నుంచి లువాస్ ట్రామ్ ఎర్ర లైన్‌లో మ్యూజియం స్టాప్ దగ్గర దిగితే కాలిన్స్ బ్యారక్స్, పాత సైనిక శిబిరంలో పెట్టిన మ్యూజియం. ప్రవేశం ఉచితం, కానీ ఆది, సోమవారాల్లో ఒంటిగంటకు గానీ తెరవరు. 1914లో స్వాతంత్ర్య యోధుల కోసం తుపాకులు దింపిన ఆస్‌గార్డ్ పడవ అక్కడే ఉంది. 1916లో తిరుగుబాటుదారులు స్థావరం చేసుకున్న జీపీఓ (పెద్ద పోస్టాఫీసు) దగ్గర స్తంభాల మీది తూటా గుంటలు చూడటానికి పావుగంట చాలు. అన్నట్టు, మన వి.వి. గిరి అప్పుడు డబ్లిన్‌లోనే లా చదువుతున్నారు, 1916లోనే ఆ దేశం వదలాల్సి వచ్చింది.

డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కితే కార్క్‌లోని కెంట్ స్టేషన్‌కు రెండున్నర గంటలు. రెండు పేర్లూ 1916లో మరణశిక్ష పడినవాళ్లవే. అక్కడ కారు అద్దెకు తీసుకోక తప్పదు, గెరిల్లాలు మాటువేసి దాడి చేసిన కిల్‌మైకేల్‌కు బస్సు లేదు. డ్రైవింగ్ మనలాగే ఎడమవైపు. చిన్న కారే తీసుకోండి: దారి సన్నం, రెండు పక్కలా పొదల గట్లు, ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి నడపాల్సింది మీరే. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేసుకోవాలి.

కిల్‌మైకేల్ దాడి 1920 నవంబర్ 28న జరిగింది. ఐఆర్ఏ (ఐరిష్ గెరిల్లా సైన్యం) దళ నాయకుడు టామ్ బారీ వెంట 36 మంది. వచ్చింది ఆగ్జిలరీల, అంటే మాజీ బ్రిటిష్ సైనికాధికారులతో కూర్చిన పోలీసు దళం, లారీలు రెండు. మొదటి లారీ నెమ్మదించాలని బారీ అధికారి కోటు తొడుక్కుని రోడ్డు మీదే నిలబడ్డాడు. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలోనే పనిచేసినవాడు. ఆగ్జిలరీల్లో 17 మంది, ఇటు ముగ్గురు పోయారు. శత్రువులు లొంగిపోయినట్టు నటించి మళ్లీ కాల్చారన్న బారీ మాట మీద చరిత్రకారులకు ఇప్పటికీ పేచీయే. స్మారకం దగ్గరే ఆగిపోక, రోడ్డు వంపు దాకా నడిచి బండల వైపు చూడండి. రెండో లారీకి కూడా విడిగా మనుషుల్ని ఎందుకు పెట్టాడో అప్పుడు తెలుస్తుంది. నేల చిత్తడి, మామూలు బూట్లు పనికిరావు. నవంబర్‌లో నాలుగున్నరకే చీకటి.

స్వాతంత్ర్య పోరాట నాయకుడు మైఖేల్ కాలిన్స్ తర్వాతి అంతర్యుద్ధంలో 1922 ఆగస్టు 22న చనిపోయిన బేల్ నా బ్లా కార్క్ నుంచి వచ్చే దారిలోనే పడుతుంది, ముందు అదే చూసుకోండి. ఆ తేదీకి దగ్గరి ఆదివారం సంస్మరణ సభ, ఆ పూట కారు నిలిపే చోటు దొరకదు.

బసకు కార్క్ నగరం కంటే క్లోనాకిల్టీ నయం. కాలిన్స్ మ్యూజియం ఊరి నడిబొడ్డునే ఉంది, ఆయన పుట్టిన వుడ్‌ఫీల్డ్ కొద్ది దూరమే. హోటల్ కంటే ఇళ్లలో ఇచ్చే గదులు మేలు, దారులు విడమరిచి చెబుతారు. ఒక్క జాగ్రత్త: టిఫిన్ ప్లేటులో నల్లగా, గుండ్రంగా కనిపించే ముక్కలు ఆ ఊరి ప్రసిద్ధ వంటకం, రక్తం కలిపి చేస్తారు. శాకాహారులు ముందు రోజు రాత్రే చెప్పి పెట్టుకోవాలి.