స్లర్మ్ పవర్ సేవింగ్: ఫీచర్ మంచిదే, ముంచేది డిఫాల్ట్ అంకెలే

పని లేని సర్వర్ కూడా కరెంటు తాగుతూనే ఉంటుంది. ఒక్కో నోడ్ (క్లస్టర్‌లోని ఒక సర్వర్) ఖాళీగా ఉన్నప్పుడు 150 వాట్లు తీసుకుంటుందనుకుందాం. అలాంటివి 20 ఉండి, రాత్రి 14 గంటలు జాబుల్లేకపోతే 42 యూనిట్లు పోయినట్టే. ఏసీ ఖర్చు దీనికి అదనం. దీన్ని ఆపే ఏర్పాటు స్లర్మ్ షెడ్యూలర్‌లోనే (యూజర్లు పంపే జాబుల్ని, అంటే లెక్కల పనుల్ని, నోడ్లకి పంచే సాఫ్ట్‌వేర్) ఉంది, వేరే సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు.

నోడ్ ఎన్ని సెకన్లు ఖాళీగా ఉంటే ఆపెయ్యాలో సస్పెండ్‌టైమ్‌లో రాస్తాం. ఆపడం, మళ్లీ లేపడం మాత్రం స్లర్మ్ చెయ్యదు. మనం రాసిచ్చిన రెండు స్క్రిప్టుల్ని పిలుస్తుందంతే. సొంత సర్వర్లయితే ఒకదాంట్లో ఐపీఎంఐటూల్‌తో (దూరం నుంచి సర్వర్‌ని ఆన్, ఆఫ్ చేసే కమాండ్) చాసీ పవర్ సాఫ్ట్, రెండోదాంట్లో పవర్ ఆన్. నోడ్ల పేర్లు "నోడ్[01-08]" అని ఒకే ముద్దగా వస్తాయి కాబట్టి ఎస్‌కంట్రోల్ షో హోస్ట్‌నేమ్స్ కమాండ్‌తో విడగొట్టాలి. ఈ స్క్రిప్టులు నడిచేది కంట్రోలర్ (స్లర్మ్ ప్రధాన సర్వర్) మీద, స్లర్మ్ యూజర్‌గా. రూట్ (అడ్మిన్) యూజర్‌గా టెస్ట్ చేసి సరిపోయిందనుకుంటే, బీఎంసీ (సర్వర్ పవర్‌ని చూసుకునే చిన్న చిప్) పాస్‌వర్డ్ ఫైలు చదివే పర్మిషన్ లేక తర్వాత ఆగిపోతుంది. ఏం జరిగిందో తెలియాలంటే స్క్రిప్టులోనే లాగ్ రాయించుకోవాలి.

అసలు గొడవంతా టైమౌట్లతోనే. రెజ్యూమ్‌టైమౌట్ (నోడ్ లేవడానికి ఇచ్చే గడువు) డిఫాల్ట్ 60 సెకన్లు. మెమరీ బాగా దట్టించిన సర్వర్‌కి బయాస్ పరీక్షలు దాటడానికే నాలుగైదు నిమిషాలు పట్టొచ్చు. గడువులోగా స్లర్మ్‌డీ (నోడ్‌లో నడిచే స్లర్మ్ ప్రోగ్రామ్) పలక్కపోతే, నిక్షేపంలాంటి నోడ్‌ని డౌన్ అని పక్కనపెట్టి జాబుని మళ్లీ క్యూలోకి తోసేస్తుంది. 600 పెట్టండి.

సస్పెండ్‌టైమౌట్ (నోడ్ ఆగడానికి ఇచ్చే గడువు) డిఫాల్ట్ 30 సెకన్లు, అది ఇంకా ప్రమాదం. ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ స్టోరేజ్) అన్‌మౌంట్ అవక మెషీన్ ఇంకా ఆగుతూ ఉండగానే గడువు అయిపోతుంది. అప్పుడే కొత్త జాబొస్తే పవర్ ఆన్ కమాండ్ వెళ్తుంది. మెషీన్ ఎలాగూ ఆన్‌లోనే ఉంది కాబట్టి బీఎంసీ దాన్ని పట్టించుకోదు. కాసేపటికి మెషీన్ ఆరిపోతుంది, లేపేవాడుండడు. 180 పెట్టి, స్క్రిప్టులో పవర్ స్టేటస్ ఆఫ్ అని వచ్చాకే ఆన్ పంపేలా రాస్తే ఈ బెడద ఉండదు.

సస్పెండ్‌టైమ్ ఈ రెండు టైమౌట్ల మొత్తం కన్నా తక్కువ ఉండకూడదు. 1800 సెకన్లు సుఖం. మరీ తగ్గిస్తే చిన్న జాబులకి నోడ్లు రోజంతా ఆగి లేస్తుంటాయి. రెజ్యూమ్‌రేట్ (ఎన్ని నోడ్లని లేపొచ్చో చెప్పేది) డిఫాల్ట్ నిమిషానికి 300 నోడ్లు, అంటే చిన్న క్లస్టర్‌కి అడ్డే లేనట్టు. ర్యాకంతా ఒక్కసారి లేస్తే బ్రేకర్ మీద భారం పడుతుంది, అందుకని 10 చాలు.

నచ్చిన సంగతి సస్పెండ్ఎక్స్‌క్‌నోడ్స్ (SuspendExcNodes), అంటే ఆపకూడని నోడ్ల జాబితా. "నోడ్[01-20]:2" అని రాస్తే ఖాళీగా ఉన్నవాటిలో రెండు ఎప్పుడూ మేలుకునే ఉంటాయి, టెస్ట్ జాబులు పది నిమిషాలు పడిగాపులు కాయక్కర్లేదు. స్టోరేజ్ సర్వీసు నడిపే నోడ్లని మర్చిపోకుండా ఇందులో చేర్చాలి. ఎవరైనా నేరుగా ఎస్ఎస్‌హెచ్‌తో దూరి నడుపుకునే పని స్లర్మ్ కంటికి కనబడదు, మధ్యలోనే పోతుంది. పామ్ స్లర్మ్ అడాప్ట్ (జాబు లేనివాళ్లని నోడ్‌లోకి రానివ్వని మాడ్యూల్) పెట్టి ఆ దారి మూసెయ్యడం మేలు.

ఆపిన నోడ్లు ఎస్‌ఇన్ఫో కమాండ్‌లో ఐడిల్ పక్కన "~" గుర్తుతో కనిపిస్తాయి. ఆదా అయిన కరెంటుని మాత్రం పీడీయూ (ర్యాక్‌కి కరెంటు పంచే పెట్టె) మీటర్ దగ్గరే చూడండి. స్లర్మ్‌లో ర్యాపెల్ ప్లగిన్ (ప్రాసెసర్, మెమరీ వాడకాన్ని లెక్కించేది) చూపే అంకెలో ఫ్యాన్లు, పవర్ సప్లై నష్టం కలవవు, పైగా ఆపిన సర్వర్‌లోనూ బీఎంసీ కొన్ని వాట్లు తీసుకుంటూనే ఉంటుంది.