చిన్న ప్యాచ్‌ల సమీక్షకు గెరిట్: కొన్నేళ్లు వాడిన తరువాత

విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌కు వచ్చే చిన్న ప్యాచ్‌లను (కోడ్‌లో చేయదలచిన మార్పులను) పరిశీలించే నేను ఈ పనికి కొన్నేళ్లుగా గెరిట్ అనే కోడ్ సమీక్ష సాధనాన్ని వాడుతున్నాను. ఆండ్రాయిడ్ అభివృద్ధి కోసం గూగుల్‌లో పుట్టిన ఈ సాధనాన్ని వికీపీడియాను నిర్వహించే వికీమీడియా 2012 నుంచి వాడుతోంది. ఐదారు పంక్తుల మార్పును నిశితంగా పరీక్షించడానికి ఇంతకంటే అనువైనదాన్ని నేను చూడలేదు. కొత్తవారిని గుమ్మంలోనే తడబడేలా చేయడంలోనూ దీనికి సాటి లేదు.

కోడ్‌ను ఉంచి పంచుకునే గిట్‌హబ్ సైటులో సమీక్షకు వచ్చేది ఒక బ్రాంచి, అంటే అసలు కోడ్ నుంచి విడిగా సాగే ఒక పాయ. అందులో ఎన్ని కమిట్లైనా (ఒక్కోసారి నమోదు చేసిన మార్పులు) ఉండవచ్చు. గెరిట్‌లో ఒక్క కమిట్టే ఒక ప్రతిపాదన. రాసినవారు దానినే సవరించి మళ్లీ పంపితే, కమిట్ సందేశం (మార్పును వివరిస్తూ రాసే మాట) చివర ఉండే ఛేంజ్-ఐడీ అనే గుర్తు ఆధారంగా అది పాత ప్రతిపాదన కిందే కొత్త ప్యాచ్‌సెట్‌గా, అంటే కొత్త రూపంగా, చేరుతుంది. కనుక రెండో ప్యాచ్‌సెట్‌కూ ఐదోదానికీ మధ్య ఏం మారిందో అంతవరకే చూస్తే సరిపోతుంది. మధ్యలో రీబేస్ జరిగి ఉంటే, అంటే ప్యాచ్‌ను తాజా కోడ్ మీదికి మార్చి ఉంటే, దానివల్ల వచ్చిన తేడాలను వేరే రంగులో చూపుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చినది, కమిట్ సందేశం కూడా ఒక ఫైలులాగే కనిపించడం. దానిలోని ఏ పంక్తి మీదనైనా వ్యాఖ్య రాయవచ్చు. చిన్న ప్యాచ్‌లలో లోపం తరచుగా కోడ్‌లో కంటే ఆ సందేశంలోనే ఉంటుంది. ‘బగ్ సరిచేశాను’ అని రాసి ఊరుకుంటారు. ఏ బగ్గో, ఎందుకు వచ్చిందో చెప్పరు. నల్ తనిఖీ (విలువ అసలు లేకుండా ఉందేమో చూసే పంక్తి) ఒక్కటి చేర్చిన ప్యాచ్‌లో, ఆ విలువ అసలు నల్ ఎందుకవుతోందో రాయకపోతే, ఆ పంక్తి జబ్బును దాచిపెడుతోందేమోనని అనుమానించక తప్పదు.

ప్యాచ్‌పై సమీక్షకులు వేసే ఓట్లు మైనస్ 2 (అడ్డుకోవడం) నుంచి ప్లస్ 2 (ఆమోదం) దాకా ఉంటాయి. రెండు ప్లస్ 1లు కలిసి ప్లస్ 2 కావు. మైనస్ 2 వేసినవారు దానిని తీసేదాకా ప్యాచ్ సాధారణంగా కదలదు. ఇక్కడి ఇంజినీరింగ్ విద్యార్థులు తొలి ప్యాచ్ పంపినప్పుడు, ఒక ఖాళీ ఎక్కువైనందుకు వచ్చిన ఎర్రని మైనస్ 1 చూసి పరీక్ష తప్పినంతగా దిగులుపడతారు. అందుకే అటువంటి వాటికి నేను ఓటు వేయను; బ్రౌజర్‌లోనే సరిచేసి కొత్త ప్యాచ్‌సెట్ పెడతాను.

అసలు ఇబ్బంది అంతకు ముందే ఎదురవుతుంది. ఛేంజ్-ఐడీని తానే చేర్చే కమిట్ హుక్ అనే చిన్న స్క్రిప్టును అమర్చుకోనివారి ప్యాచ్‌ను, ఛేంజ్-ఐడీ లేదన్న కారణంతో, సర్వర్ తిప్పికొడుతుంది. సవరణను అమెండ్ చేయకుండా (పాత కమిట్‌లోనే కలపకుండా) అలవాటు కొద్దీ కొత్త కమిట్‌గా పంపితే, అది వేరే ప్రతిపాదనగా తెరుచుకుంటుంది. గిట్-రివ్యూ అనే చిన్న పరికరం హుక్‌ను తానే అమరుస్తుంది కనుక, సహాయం అడిగిన విద్యార్థుల చేత నేను ముందుగా దానినే ఇన్‌స్టాల్ చేయిస్తాను.