చూపించేది ఒకరిని, పంపేది ఇంకొకరిని: బెజవాడలో హోమ్ కేర్ ఏజెన్సీతో మా అనుభవం

మంచాన పడ్డ పెద్దవాళ్లను పది రోజులు ఎవరికైనా అప్పగించి ఊరెళ్లొద్దామని చూస్తున్నవాళ్లు ఇది చదివాక అడ్వాన్సు కట్టండి. ఏజెన్సీ పేరు రాయడం లేదు. పద్ధతి తెలిస్తే ఏ బోర్డు కింద ఉన్నా మీరే గుర్తుపడతారు.

మా అత్తగారికి 78 ఏళ్లు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది, మాట కూడా పోయింది. జావ పట్టాలి, రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, డైపరు మార్చాలి. అన్నీ నేనే. ఈ వేసవిలో మా అమ్మాయికి తొలి కాన్పు. పుట్టింటికి తెచ్చుకోవాల్సిన పిల్లే, కానీ ఉన్న రెండు గదుల్లో ఈవిడ మంచం ఒక పక్క, బాలింత మంచం ఒక పక్క అంటే ఎలా? అందుకని పురుడు హైదరాబాద్‌లోనే పెట్టుకుని, నేనే పది రోజులు వెళ్లాలనుకున్నాం. మా ఆయనకు బీసెంట్ రోడ్డులో షాపు, పదింటికి వెళ్తే రాత్రి తొమ్మిది దాటాకే రావడం. ఆడపడుచును అడిగితే... సరే, అది వేరే కథ.

సూర్యారావుపేటలో ఒక ఏజెన్సీ దొరికింది. 24 గంటల మనిషికి రోజుకు 1,100. రిజిస్ట్రేషన్ 4,000, పదిహేను రోజుల డబ్బు ముందే. మొత్తం 20,500 ఫోన్‌పే చేశాం, అదీ ఎవరిదో సొంత పేరు మీదికి. బిల్లు అడిగితే "బిల్లయితే జీఎస్టీ పడుద్దమ్మా" అన్నారు. అప్పుడే లేచి రావాల్సింది.

రెండు రోజులు ఇంట్లో ఉండి మనిషి పని చూశాకే కదలాలని అందరూ చెబుతారు కదా. నేనూ అదే చేశాను. వచ్చినావిడకు నలభై ఏళ్లుంటాయి. జావ పట్టే ముందు రెండు దిండ్లు పెట్టి తల ఎత్తింది, పట్టాక అరగంట పడుకోబెట్టలేదు. నడుం కింద ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కి, "తెల్లబడితే పర్లేదమ్మా, తెల్లబడకుండా ఎరుపు అట్లాగే ఉంటే పుండుకు మొదలు" అని నాకే పాఠం చెప్పింది. రెండేళ్లుగా నేను చేస్తున్నాను, నాకు ఇంకెవరూ చెప్పని మాట అది. మూడో రోజు పొద్దున నిశ్చింతగా బస్సెక్కాను.

ఆ సాయంత్రమే మా ఆయన ఫోన్. ఆవిడ వెళ్లిపోయిందట, ఇంకో అమ్మాయి వచ్చిందట. ఏజెన్సీకి చేస్తే "వాళ్లింట్లో ఎమర్జెన్సీ మేడం, ఈ అమ్మాయి కూడా ట్రైనింగ్ అయినదే" అన్నారు. ఒడిలో పసిబిడ్డ, నేనేం చేయను? నాలుగు రోజులు పోయాక వీడియో కాల్‌లో చూస్తే అత్తగారి పెదాలు పగిలిపోయి ఉన్నాయి. మర్నాడు ఎవరికీ చెప్పకుండా బయల్దేరి వచ్చేశాను.

ఇంట్లోకి వచ్చేసరికి నాలుగున్నర. ఆ అమ్మాయి ఫోన్ చార్జింగులో పెట్టి కిందే చాప మీద నిద్రపోతోంది. బీరువాకు నేను అంటించిన చార్టు చూశాను. సాయంత్రం 6 గంటలు, కుడి పక్క. 8 గంటలు, ఎడమ పక్క. 10 గంటలు, పాలు తాగారు. ఒకే పెన్ను, ఒకే రాత. ఇంకా నాలుగున్నరే అయింది, రాత్రి పదింటి పాలు అప్పుడే తాగించేసింది చార్టులో!

డైపరు చూస్తే పొడిగా ఉంది. ఒక్క క్షణం సంతోషించాను కూడా. తర్వాత వెలిగింది: నీళ్లు పడితే మార్చాల్సి వస్తుందని నీళ్లే పట్టడం లేదు. స్పూనుతో నీళ్లు పడితే అత్తగారు స్పూను పళ్లతో పట్టుకుని వదల్లేదు. నడుం కింద ఎరుపున్న చోట ఐదు రూపాయల బిళ్లంత పుండు, తోలు లేచిపోయి.

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ పిల్ల ఏడ్చింది. పంతొమ్మిదేళ్లు, నూజివీడు దగ్గర పల్లె, మొన్నటిదాకా చీరల కొట్లో పని. మేమిచ్చే 1,100లో తనకొచ్చేది 450. ఒరిజినల్ ఆధార్ ఏజెన్సీ దగ్గరే పెట్టుకున్నారట. "తిప్పకపోతే పుండ్లు పడతాయని నాకెవరూ చెప్పలేదాంటీ. చార్టు ఖాళీగా ఉండకూడదన్నారంతే." ఇక తనని ఏమనను?

మరి ఆ మొదటావిడ? మా ఫిజియో అబ్బాయికి చెబితే నవ్వాడు. "ఆవిడ వాళ్ల షోకేసు బొమ్మ మేడం. కొత్త ఇంటికల్లా మొదటి రెండు రోజులు ఆవిడే."

డబ్బు వెనక్కి అడిగితే, బిల్లు బదులిచ్చిన రసీదు వెనక సన్న అక్షరాలు చూపించారు. మనిషిని మార్చి ఇచ్చాం కాబట్టి వాపసు లేదట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. వారం తిరిగేలోపు 6,000 వెనక్కి వేశారు. మిగతాదానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను. మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. చార్టు, పుండు ఫొటోలు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు అన్నీ దాచాను.

ఇంకోసారి పెట్టుకోవాల్సి వస్తే నేను చేసేది ఇది. కాగితం మీద ఏజెన్సీ పేరుతో పాటు వచ్చే మనిషి పేరు కూడా రాయిస్తాను. నన్ను అడక్కుండా మనిషిని మారిస్తే ఆ రోజు నుంచి డబ్బు లేదని అందులోనే ఉండాలి. నర్సు అన్నారా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చూపించాలి. లేకపోతే అటెండరనే రాయమంటాను, ఆ రేటే ఇస్తాను. డబ్బు వారం వారం. తాళం చెవి పక్కింటి పిన్నిగారికిచ్చి చెప్పాపెట్టకుండా మధ్యాహ్నం పూట ఒకసారి చూడమంటాను. అన్నిటికన్నా ముఖ్యం, డైపర్ల ప్యాకెట్ లెక్క. రోజుకు ఎన్ని తగ్గాయో చూడండి, చార్టు చెప్పని నిజం అది చెబుతుంది.

పెద్దవాళ్ల కోసం ఎల్డర్‌లైన్ 14567 ఉంది, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, ఉచితం. వృద్ధాశ్రమాల వివరాలు అడిగితే చెబుతారు. ఇంకో సంగతి. మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన పక్షవాతం రోగులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 పింఛను ఉంది. మామూలు వృద్ధాప్య పింఛను 4,000 తీసుకుంటూ ఊరుకుంటున్నవాళ్లు వార్డు సచివాలయంలో అడగండి. మేం అర్హతల్లో రాలేదు, మీరు రావచ్చు.

పుండు ఇప్పుడు మానుతోంది, రోజూ డ్రెస్సింగ్ చేయిస్తున్నాం. మనవరాలిని మళ్లీ చూడలేదు. మొన్న ఆ అమ్మాయి ఫోన్ చేసింది, ఎక్కడో గుంటూరులో ఇంకో ఇంట్లో వేశారట. ఆధార్ ఇంకా ఇవ్వలేదట. పెట్టేసే ముందు అడిగింది, "మామ్మ నీళ్లు తాగుతుందా ఆంటీ?"